పెరట్లో గంటసేపు

ఐదేళ్లపాటు ప్రతి ఉదయం నిద్రలోనే ఒక చప్పుడు విన్నాను. డబ్బాలో ఏవో గింజలు ఒక పక్కకి ఒరిగినట్టు గలగలమనేది. తర్వాత టప్‌మని మూత పడేది. ఆ తర్వాత పెరటి తలుపు గడియ. కళ్లు తెరవకుండానే, ఇంకో అరగంట పడుకోవచ్చన్నమాట అనుకుని అటు తిరిగేవాణ్ణి. ఆ అరగంట ఎంత తీయగా ఉండేదో ఒంటికి ఇంకా గుర్తుంది. ఇంట్లో ఎవరో నా బదులు మేలుకుని ఉన్నారన్న ధీమాతో పట్టే నిద్ర అది.

ఆ చప్పుడు మా ఆవిడది. కుందేళ్లను పెరట్లో వదిలి, మళ్లీ గూట్లోకి పిలవడానికి మేత డబ్బా ఆడిస్తోందని అనుకునేవాణ్ణి. ఎప్పుడూ అడగలేదు. అడగాల్సినంత విషయం అనిపించలేదు.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. కుందేళ్లు రెండూ నాకు మిగిలాయి. అవి అక్కచెల్లెళ్లు. ఒకదానికి బూడిద రంగు మీద గోధుమ రంగు మచ్చలు, తెల్ల మచ్చలు. పాత గుడ్డలు అతికి కుట్టినట్టు ఉంటుంది కనుక దాని పేరు బొంత. రెండోది తెల్లగా, తిండి దగ్గరికి కూడా తొందరపడకుండా నడుస్తుంది కనుక దొరసాని. ఆ పేర్లు పెట్టింది మా ఆవిడే.

ఆమె పోయిన వారంలోనే గూటిని పెరట్లోంచి ఎత్తించి ఆమె గదిలో పెట్టించాను. కింద చాప పరిచాను. కిటికీకి వల కొట్టించాను. రోజూ పడుకునే ముందు వెళ్లి చూసేవాణ్ణి. రెండూ ఉండేవి. ఉన్నాయని తెలిసీ ఇంకోసారి చూసేవాణ్ణి. పెరట్లో ఏముందో నాకు బాగా తెలుసు. పైన గద్దలు తిరుగుతాయి. పక్కింటి దర్జీ పిల్లి గోడ మీదే కాపురం ఉంటుంది. గుండ్రటి పొట్ట, ఎవరినీ లెక్కచేయని చూపు. అందుకే దాన్ని అందరూ మేనేజరు అంటారు.

ఒకరోజు బొంత చాప దిగి గచ్చు మీదికి వచ్చేసరికి వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారాయి. లేచింది. మళ్లీ జారాయి. అలా కూలబడే నావైపు చూసింది.

పశువుల డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి, వెనక కాళ్లు చాపి, వదిలి, మళ్లీ చాపి చూసింది.

"ఇది నేల మీద పరిగెత్తి ఎన్నాళ్లయింది?"

"గదిలో తిప్పుతున్నానండి."

"తిప్పడం కాదండీ, పరిగెత్తడం."

నేను నెలలు వేళ్ల మీద లెక్కపెట్టడం చూసి ఆవిడ ఇంకేం అడగలేదు.

"దెబ్బ లేదు, జబ్బూ లేదు. వాడకపోతే ఎవరి కాళ్లయినా ఇంతే. ఇంకో నెల ఇలాగే ఉంచారంటే కాళ్లు ఈడ్చుకోవడం మొదలెడుతుంది. అప్పుడు తీసుకొచ్చినా నేను చేసేదేం ఉండదు."

"బయట గద్దలున్నాయండి. పిల్లి కూడా ఉంది."

"ఉంటాయి. పారేయమనలేదు కదా, చూసుకుంటూ వదలమంటున్నా. భయమేస్తే దూరడానికి ఒక మూల పెట్టండి. ఎండ ముదరకముందు గానీ, దిగాక గానీ వదలండి. గడ్డి మొదటిరోజే కడుపు నిండా తిననివ్వకండి. తాడు మాత్రం కట్టొద్దు. బెదిరి ఎగిరిందంటే నడుం పడిపోతుంది."

మందుల చీటీ మీద మందు రాయలేదు. 'నేల. రోజూ ఒక గంట' అని రాసి ఇచ్చింది. ఆ చీటీని చాలాసేపు జేబులో చేత్తో తడుముతూ నడిచాను.

నేను సర్వే ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు నక్షాలు గీశాను. ఎవరి గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెంట్రుకవాసి తేడా లేకుండా గీయడమే నా పని. కాబట్టి గద్దకీ పిల్లికీ అందని చోటు ఒకటి కట్టడం నాకు చేతకాని పని కాదు. పెరడు కొలిచాను. గళ్ల కాగితం మీద నక్షా గీశాను. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు వైపులా ఇనుప వల, పైన కూడా వల, రెండు గడియల తలుపు. మూలన దాక్కోవడానికి ఒక పక్క దారి కోసిన చెక్కపెట్టె బోర్లించాను.

మా వదిన, అంటే మా ఆవిడ అక్క, మేడ మీద వాటాలో ఉంటుంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మెట్ల మీద కూర్చుని నాలుగు రోజులూ నా పని చూసింది.

"కోట కడుతున్నారు సరే, శత్రువులెవరో చెప్పండి మరిదిగారూ. నేనూ జాగ్రత్తపడతాను."

"గద్ద, వదినా."

"ఆ వలకి గద్దేం ఖర్మ, దోమ కూడా దరఖాస్తు పెట్టుకుని రావాలి."

మొదటి రోజు రెండూ పెట్టె కింద దూరి ఇవతలికి రాలేదు. రెండో రోజు ముక్కులు బయటపెట్టాయి. నాలుగో రోజు సాయంత్రం బొంత గడ్డి మీదికి వచ్చి, రెండడుగులు పాకి, ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరింది. పైకి లేచాక ఒళ్లు ఒకవైపు, తల ఇంకోవైపు తిప్పింది. దిగేటప్పుడు కాళ్లు తడబడి పక్కకి పడింది. పడ్డందుకు సిగ్గేమీ లేకుండా మళ్లీ ఎగిరింది. దొరసాని గడ్డి నములుతూ దాన్నే చూస్తోంది. ఎండ వలలోంచి దిగి వాటి వీపుల మీద గళ్లు గళ్లుగా పడింది. ఆ గళ్లు కదులుతూ ఉంటే నేను గీసిన కాగితమే లేచి గెంతులేస్తున్నట్టు అనిపించింది.

ఐదో రోజు నుంచి వాటిని లోపల వదిలి, రెండు గడియలూ వేసి, నేను ఇంట్లోకి వెళ్లి పేపరు చదువుకునేవాణ్ణి. కంచె ఉంది కదా. ఇక నాతో పనేముంది.

తొమ్మిదో రోజు సాయంత్రం వెళ్లి చూస్తే దొరసాని ఒక్కతే కూర్చుని ఉంది.

పెట్టె ఎత్తాను. కింద నా పిడికిలి కన్నా కాస్త పెద్ద బొరియ. చుట్టూ తవ్విన మట్టి, ఇంకా తడిగా ఉంది. కంచెకి అవతల మూరెడు దూరంలో గోడ వార ఇంకో కన్నం. వలకి ఒక్క తీగ కూడా వంగలేదు. గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

వదిన మెట్లు దిగి వచ్చి వంగి చూసింది.

"ముప్పై ఏళ్లు నేలని పైనుంచే చూస్తూ వచ్చారు. అది కిందనుంచి చూసుకుంది," అంది. తర్వాత నా మొహం చూసి, "ఎక్కడికీ పోయి ఉండదులెండి," అని గొంతు తగ్గించింది.

బొరియకి రాయి అడ్డం పెట్టి, పెట్టె మళ్లీ బోర్లించాను. మేనేజరు గోడ మీదే ఉంది. తోక చుట్టుకుని, పెరట్లో ఏదో ఒక మూలకే కళ్లప్పగించి కూర్చుంది. ఏ మూలకో నాకు అంతుపట్టలేదు. పూలకుండీల వెనక చూశాను. బట్టలుతికే బండ కింద చూశాను. గోడకి మా వైపున దర్జీ పాత చెక్కలు పేర్చి పెట్టుకున్నాడు, వాటి సందుల్లోకి టార్చి వేశాను. తర్వాత లోపలికి పరిగెత్తి మేత డబ్బా తెచ్చి ఆడించాను. దొరసాని చెవులు వెనక్కి వాల్చి పెట్టె కిందకి దూరింది. ఇంకా గట్టిగా ఆడించాను.

"అలా వాయిస్తే కుందేలు సంగతేమోగానీ నేను పారిపోయేట్టున్నాను," అంది వదిన.

"ఆమె రోజూ ఇలాగే పిలిచేది వదినా. నేను విన్నాను."

"విన్నారా, కలగన్నారా?"

ఆ ఐదేళ్ల ఉదయాల్లో ఎంత విన్నానో, ఎంత కలగన్నానో నాకే తెలియదు.

మా గొడవ విని గోడ అవతలి నుంచి దర్జీ తల పైకి లేచింది. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. ఆయన దుకాణం వెనక తలుపు మా గోడ వైపే తెరుచుకుంటుంది. సంగతి విని సూదులు తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు.

"ఆ డబ్బా కాదు సార్."

"మరి?"

"అది నా దగ్గరుంది. మీరే తెచ్చి ఇచ్చారు కదా, గుండీల డబ్బా. అక్క పోయాక ఇల్లు సర్దుతూ, ఇది మీ దుకాణందేమో అని."

గుర్తొచ్చింది. గుండ్రటి రేకు డబ్బా, మూత మీద రంగు పోయిన ఓడ బొమ్మ. నిండా గుండీలు.

"ఆమె గుండీల డబ్బాతో పిలిచేదా?"

"పిలిచేది కాదు సార్." దర్జీ గోడ మీద మోచేతులు ఆనించాడు. "పొద్దున్నే నేను గోడ మీంచి చొక్కాలు అందించేవాణ్ణి. అక్క పీట వేసుకుని కూర్చుని గుండీలు కుట్టేది. అవి తిరుగుతుండేవి. ఎందుకక్కా నీకీ శ్రమ అంటే, ఎలాగూ కాపలా కూర్చోవాలిగా, చేతులకి పనుంటే కళ్లకి ఓపికుంటుంది అనేది. గంటకి కుట్టడం అయిపోయేది. డబ్బా మూసి లేచేది. ఆ చప్పుడుకి అవే గూటికి వెళ్లిపోయేవి. అంతే సార్. అక్క వాటిని పిలవగా నేను ఎప్పుడూ వినలేదు."

"కంచె ఏమీ లేకుండానే?"

"అక్క ఉండేది కదా సార్."

వదిన నా వైపు చూడకుండా పైటచెంగు సర్దుకుంది.

"ఐదేళ్లు," అన్నాను. "నాకు ఒక్కసారైనా చెప్పలేదు."

"మీరు పడుకుని ఉంటారని గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం సార్. నేను నవ్వితే కూడా ఊరుకునేది కాదు."

నేను మేత డబ్బా కింద పెట్టేశాను.

దర్జీ లోపలికి వెళ్లి గుండీల డబ్బా, సూదీ దారం, మూడు చొక్కాలు గోడ మీంచి అందించాడు. తర్వాత మేనేజరుని చంకలో ఇరికించుకున్నాడు. అది కాళ్లు నాలుగూ చాపి నిరసన తెలిపింది. "నడవ్వయ్యా, లోపల మీటింగుంది," అని దాన్ని తీసుకెళ్లి తలుపు వేసుకున్నాడు.

పీట ఎక్కడికీ పోలేదు. పెరటి గుమ్మం పక్కనే ఉంది, దాని మీద నేను పూలకుండీ పెట్టాను. కుండీ దింపి, పీట తుడిచి, గడ్డి మధ్యలో వేసుకున్నాను. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వదిన సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

"ఆ తలుపు తీయండి," అంది, వల తలుపు చూపిస్తూ.

"దొరసాని కూడా పోతే?"

"అది ఇవతల ఉండాలి. తోడు కనిపిస్తే కదా రెండోది బయటికొచ్చేది. గోడల మధ్యలో పెరగలేదు మరిదిగారూ అవి, మా చెల్లెలి కాళ్ల దగ్గర పెరిగాయి."

ఉన్న ఒక్కదాన్నీ చేజేతులా వదలడమంటే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. నా చేతులు పై గడియ తీశాయి. కింది గడియ దగ్గర ఆగిపోయాయి. బొంత గచ్చు మీద కూలబడి చూసిన చూపు గుర్తొచ్చింది. అప్పుడు అది బయటికి తీసుకెళ్లమని అడగలేదు. నన్ను తప్పుపట్టనూ లేదు. నేను చూస్తానేమోనని చూసింది. కింది గడియ కూడా తీశాను.

వదిన మేడ మీదికి వెళ్లిపోయింది. నేను కుట్టడం మొదలుపెట్టాను.

నాలుగు కన్నాల గుండీ. ఒక మూల నుంచి ఎదుటి మూలకి, మళ్లీ ఇటు నుంచి అటు. గీతలు గీసిన చెయ్యి కాబట్టి కుట్లు వంకర పోలేదు గానీ, ఒక్కో గుండీకీ చాలాసేపు పట్టింది. ఎండ గోడ ఎక్కి, గోడ దాటి వెళ్లిపోయింది. వెలుతురు మాత్రం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పెరడంతా నిలబడి ఉంది. దొరసాని తలుపు దగ్గరికి వచ్చి గాలి వాసన చూసింది. తర్వాత దాని పద్ధతిలో తీరిగ్గా నడిచి వచ్చి, నా చెప్పు పక్కన గడ్డి కొరకడం మొదలుపెట్టింది. కరకరమని ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

రెండో గుండీ. మూడోది. పైన ఏదో రెక్క నీడ కదిలినట్టయి తలెత్తాను. కాకి. మళ్లీ తల దించాను. అలా అప్పుడప్పుడూ తలెత్తడం, దించడం నా ప్రమేయం లేకుండానే అలవాటైపోయింది. ఇంట్లో నేను పడుకుని ఉన్నానని, ఈ పీట మీద ఇంకెవరో కూర్చున్నారని, ఆ ఇంకెవరో నేనే అయ్యానని ఒక్క క్షణం అనిపించింది. గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్న ఇద్దరు మనుషులు గుర్తొచ్చారు. నేను ఎన్నడూ వినని ఆ నవ్వు గుర్తొచ్చింది. వినకుండానే ఎలా గుర్తొచ్చిందో మరి.

రెండో చొక్కా చేతి మడత గుండీ కుడుతుండగా చెక్కల సందులోంచి రెండు చెవులు బయటికి వచ్చాయి.

నేను చూడలేదు. అంటే చూశాను గానీ, సూది మీదే కళ్లు పెట్టి చూశాను. చెవుల తర్వాత మట్టి అంటిన ముక్కు. తర్వాత బొంత మొత్తం. సందులోంచి ఇవతలికి వచ్చి ఒళ్లు విరుచుకుంది. వెనక కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చాపి, విదిలించింది. జారలేదు. దొరసాని దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించింది. చెయ్యి చాపితే అందేటంత దగ్గర. నా చెయ్యి లేచింది కూడా. లేచిన చేతిని ఏం చేయాలో తోచక డబ్బాలోంచి ఇంకో గుండీ తీశాను.

అప్పుడు బొంత పరిగెత్తింది. గోడ దాకా వెళ్లి, బండ చుట్టూ తిరిగి, కంచెలోకి ఒక తలుపు గుండా దూరి, అదే తలుపు గుండా తిరిగి వచ్చి, నా పీటకి చుట్టూ ఒక ప్రదక్షిణ వేసి, గడ్డి మధ్యలో గాలిలోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పింది. ఈసారి నాలుగు కాళ్ల మీదే దిగింది.

మూడో చొక్కా అయ్యేసరికి కుట్లు కనిపించనంత మసక. దారం కొరికాను. మిగిలిన గుండీలు డబ్బాలో పోశాను. అవి గలగలమని ఒక పక్కకి ఒరిగాయి. టప్‌మని మూత పెట్టాను. ఆ చప్పుడు నేను మెలకువగా ఉండి వినడం అదే మొదటిసారి.

రెండూ తల ఎత్తాయి. ముందు దొరసాని, వెనక బొంత, పెరటి గుమ్మం ఎక్కి గది వైపు వెళ్లాయి. నేను వాటి వెనక నడిచాను. గడియ వేశాను. పైనుంచి వదిన, "దీపం పెట్టుకోండి, చీకట్లో ఏడిస్తే మొహం కడుక్కోవడానికి దారి కనపడదు," అంది. నేను ఏడవడం లేదని చెప్పబోయి, దీపం పెట్టుకున్నాను.

ఇదంతా జరిగి రెండు నెలలు. గూడు మళ్లీ పెరట్లోకి వచ్చింది. కంచె పీకేయలేదు. నేను బజారుకి వెళ్లినప్పుడు అవి అందులోనే ఉంటాయి. ఈసారి చుట్టూ అడుగున్నర లోతు తవ్వి, లోపలికి వంచి వల పాతాను. దానికి నక్షా కూడా గీశాను, నేలని నిలువునా కోసి పక్కనుంచి చూసినట్టు. నా జీవితంలో అలాంటిది అదే మొదటిది. డాక్టరమ్మకి చూపిస్తే, బొంత కాళ్లు పట్టి చూస్తూనే, "గట్టిపడ్డాయి. నక్షా ఇంటికి తీసుకెళ్లండి, దీనికి అక్కర్లేదు," అంది.

పొద్దున్నే ఆరింటికి లేస్తాను. కంచె తలుపు తీసి పీట వేసుకుంటాను. దర్జీ చొక్కాలు అందించి, మేనేజరుని లోపలికి పిలుచుకుంటాడు. ఆ గంట దానికి దుకాణంలో డ్యూటీ. గద్ద ఇప్పటికీ తిరుగుతుంది. నేను తల ఎత్తుతాను, దించుతాను.

నిన్న ఉదయం పని కాస్త తొందరగా అయింది. డబ్బా మూశాను. దొరసాని లేచి గూటి వైపు నడిచింది. బొంత మాత్రం లేవలేదు. కొత్తగా మొలిచిన గడ్డిలో పొట్ట ఆనించి పడుకుని, ఒక చెవి మాత్రం నా వైపు తిప్పింది. ఎండ ఇంకా ముదరలేదు.

గోడ వైపు తిరిగి, వీలైనంత మెల్లగా అడిగాను.

"ఇంకో చొక్కా ఏమైనా ఉందా?"

దర్జీ ఒకటి అందించాడు. దాని గుండీలన్నీ బాగానే ఉన్నాయి. మళ్లీ కూర్చుని, డబ్బా మూత తీసి, పై గుండీ దారం కోసి, మొదటి నుంచి కుట్టడం మొదలుపెట్టాను.